టెక్ సందేహాలు: టికెట్‌లో ఇంధనం వాటాను పట్టుకోవడం ఎలా?

చమురు ధర వార్తల్లోకి ఎక్కితే చాలు, విమాన టికెట్ల మీద ప్రశ్నలు వచ్చి పడతాయి. ఈసారి వాటికే చోటిస్తున్నాం.

ప్రశ్న: అమ్మానాన్నలకు హైదరాబాద్ నుంచి డాలస్‌కి టికెట్లు చూస్తున్నాను. రెండు ఎయిర్‌లైన్స్‌లో మొత్తం ధర ఇంచుమించు ఒకటే. కానీ ఒకదాంట్లో ‘ట్యాక్సెస్ అండ్ ఫీజెస్’ కొంచెమే ఉంది. రెండోదాంట్లో అది బేస్ ఫేర్‌ని మించిపోయింది. ప్రభుత్వ పన్నులు ఎవరికైనా ఒకటే కదండీ? – ఇర్వింగ్, టెక్సస్

జవాబు: పన్నులు దాదాపు ఒకటే. మధ్యలో విమానం మారే ఎయిర్‌పోర్టును బట్టి కొద్దిగా అటూ ఇటూ అవుతాయి, అంతే. మీకు కనిపిస్తున్న పెద్ద తేడా పన్ను కాదు. ఎయిర్‌లైన్ తన కోసం తాను వేసుకునే సర్‌ఛార్జీ. టికెటింగ్ సిస్టమ్‌లో దీనికి వైక్యూ, వైఆర్ అని రెండు కోడ్‌లు ఉన్నాయి. పేరు ‘ఫ్యూయల్ సర్‌ఛార్జీ’ అని ఉన్నా, ‘క్యారియర్ ఇంపోజ్డ్ సర్‌ఛార్జీ’ అని ఉన్నా ఆ డబ్బు చేరేది ఎయిర్‌లైన్ ఖాతాకే. పన్నుల వరసలో నిలబెట్టడం వల్ల ప్రభుత్వం తీసుకుంటోందని జనం అనుకుంటారు. ఈ అలవాటు మారి తీరాలి.

దీన్ని విడదీసి చూపించే ఉచిత సాధనం ఐటీఏ మ్యాట్రిక్స్. ఐటీఏ సాఫ్ట్‌వేర్‌ని గూగుల్ 2011లో కొనేసింది, గూగుల్ ఫ్లైట్స్ వెనక ఉన్నది ఆ టెక్నాలజీయే. మ్యాట్రిక్స్‌లో టికెట్ కొనలేం, ధర విప్పి చూసుకోవడానికే పనికొస్తుంది. ఎక్కే ఊరు, దిగే ఊరు, తేదీలు ఇవ్వండి. కింద కరెన్సీ, సేల్స్ సిటీ అని రెండు గడులుంటాయి, వాటిని వదిలేయకండి. టికెట్ ఎక్కడ కొంటున్నట్టు లెక్క అనేదాన్ని బట్టి ధర మారవచ్చు కాబట్టి, మీరు అమెరికా కార్డుతో అక్కడి సైట్‌లో కొంటుంటే సేల్స్ సిటీ డాలస్ అనే పెట్టండి. ఫలితాల్లో ధర మీద నొక్కి, తెరుచుకున్న పేజీలో చివరిదాకా కిందికి వెళ్లండి. ఒక్కో పన్ను పక్కన కోడ్, మొత్తం ఉంటాయి. ఐఎన్ అంటే మన ఎయిర్‌పోర్టు యూజర్ డెవలప్‌మెంట్ ఫీజు. కే3 అంటే జీఎస్‌టీ. వైక్యూ, వైఆర్ పక్కన ఉన్న అంకెలను కూడి బేస్ ఫేర్‌కి కలపండి. ఎయిర్‌లైన్ అసలు ధర అదే. రెండు సంస్థలను పోల్చాల్సింది ఆ అంకెతోనే.

ఇక్కడ ఒక మెలిక ఉంది. కొన్ని సర్‌ఛార్జీలు ఆ పట్టికలో అసలు కనపడవు. అదే పేజీలో ‘ఫేర్ కన్‌స్ట్రక్షన్’ అని కోడ్‌లతో నిండిన ఒక పొడవాటి లైను ఉంటుంది. అందులో ఊరి కోడ్ తర్వాత ‘క్యూ’ అక్షరం, దాని పక్కన అంకె ఉంటే అది బేస్ ఫేర్‌లోనే కలిపేసిన సర్‌ఛార్జీ. ఆ అంకెలు రూపాయల్లోనో డాలర్లలోనో ఉన్నాయనుకుంటే లెక్క తప్పుతుంది. అవి ఎన్‌యూసీ అనే ఉమ్మడి లెక్కలో ఉంటాయి. లైను చివర ఆర్‌ఓఈ అని ఉన్న రేటుతో గుణిస్తే ప్రయాణం మొదలయ్యే దేశం కరెన్సీలోకి వస్తాయి.

మొత్తం ఒకటే అయినప్పుడు ఇంత తవ్వడం ఎందుకంటారా? పిల్లల టికెట్ తగ్గింపు, కార్పొరేట్ డిస్కౌంట్, కూపన్ కోడ్‌లు చాలాచోట్ల బేస్ ఫేర్ మీదే పనిచేస్తాయి. బేస్ ఫేర్ చిన్నదిగా, సర్‌ఛార్జీ పెద్దదిగా ఉన్న టికెట్ మీద 10% తగ్గింపు వచ్చినా చేతికి మిగిలేది కొంచెమే. మైల్స్‌తో, అంటే ఎయిర్‌లైన్ రివార్డు పాయింట్లతో, కొనేవాళ్లకు ఇంకా ఎక్కువ దెబ్బ. అది మూడో ప్రశ్నలో చెబుతాను.

ప్రశ్న: బ్రెంట్ క్రూడ్ పడిపోతే తెలిసేలా ఫోన్‌లో అలర్ట్ పెట్టుకున్నాను. క్రూడ్ తగ్గింది కానీ టికెట్ తగ్గలేదు. ఎన్నాళ్లు ఆగాలి? – విజయవాడ

జవాబు: మీరు చూస్తున్నది ముడి చమురు, విమానంలో పోసేది కాదు. విమానానికి కావాల్సింది ఏటీఎఫ్, అంటే జెట్ ఫ్యూయల్. క్రూడ్‌కీ ఏటీఎఫ్‌కీ మధ్య రిఫైనరీ మార్జిన్ (రెండు ధరల మధ్య తేడా) ఉంటుంది, అది తన దారిన తాను పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. క్రూడ్ దిగినా ఈ మార్జిన్ ఎక్కితే ఏటీఎఫ్ ఉన్నచోటే ఉంటుంది.

మీరే లెక్క కట్టుకోవచ్చు. అమెరికా ప్రభుత్వ సంస్థ ఈఐఏ వెబ్‌సైట్‌లో బ్రెంట్ స్పాట్ ధర, గల్ఫ్ కోస్ట్ జెట్ ఫ్యూయల్ ధర రోజువారీగా ఎక్సెల్ ఫైల్‌లో ఉచితంగా దొరుకుతాయి, కొన్ని రోజులు ఆలస్యంగా. గూగుల్ షీట్స్‌లో ‘ఏ’ కాలమ్‌లో తేదీ, ‘బీ’లో బ్రెంట్, ‘సీ’లో జెట్ ఫ్యూయల్ వేయండి. చాలామంది పొరపడేది ఇక్కడే. బ్రెంట్ ధర బ్యారెల్‌కి, జెట్ ఫ్యూయల్ ధర గాలన్‌కి ఇస్తారు. బ్యారెల్‌కి 42 గాలన్లు కాబట్టి సీని 42తో గుణించి అందులోంచి బీని తీసేస్తే మార్జిన్ వస్తుంది. ఉదాహరణకు గాలన్ 2.20 డాలర్లు, బ్రెంట్ 75 డాలర్లు అనుకుంటే 92.40లోంచి 75 పోగా 17.40 డాలర్లు. ఇంకో కాలమ్‌లో రూపాయి లెక్క పెట్టండి. కిలోలీటర్‌కి 264.17 గాలన్లు. అదే 2.20ని దాంతో గుణిస్తే సుమారు 581 డాలర్లు, డాలర్ 90 రూపాయలనుకుంటే కిలోలీటర్ దాదాపు 52,300 రూపాయలు. డాలర్ రేటును షీట్స్‌లోని గూగుల్‌ఫైనాన్స్ ఫంక్షన్ దానంతటదే తెస్తుంది. ఇంధనం డాలర్లలో 5% తగ్గినా, అదే సమయంలో డాలర్ 5% పెరిగితే మన ఎయిర్‌లైన్‌కి మిగిలేది దాదాపు ఏమీ లేదని ఈ కాలమ్ చూస్తే తెలిసిపోతుంది.

ఈ 52,300 పన్నులు లేని అంతర్జాతీయ ధర మాత్రమే. దేశీయ విమానాల ఏటీఎఫ్ మీద కేంద్రం ఎక్సైజ్ సుంకం, దానిపైన రాష్ట్రాల వ్యాట్ ఉంటాయి. వ్యాట్ ఒక్కో రాష్ట్రంలో ఒక్కోలా ఉంటుంది. ఏటీఎఫ్ జీఎస్‌టీలోకి రాలేదు కాబట్టి ఎయిర్‌లైన్‌కి ఆ పన్ను మీద ఇన్‌పుట్ క్రెడిట్ కూడా దక్కదు, అంటే కట్టిన పన్నును తాను కట్టాల్సిన జీఎస్‌టీలోంచి తగ్గించుకోలేదు. మన చమురు కంపెనీలు ఏటీఎఫ్ ధరను ప్రతి నెలా 1వ తేదీన సవరిస్తాయి. ఇండియన్ ఆయిల్ వెబ్‌సైట్‌లో దేశీయ విమానాలకు రూపాయల్లో, అంతర్జాతీయ విమానాలకు డాలర్లలో వేర్వేరు పట్టికలు ఉంటాయి. మీ ప్రయాణానికి సరిపోయే పట్టికనే చూడండి. నెల మధ్యలో క్రూడ్ పడిపోతే ఆ ప్రభావం ఇక్కడికి రావడానికే తర్వాతి నెల 1 దాకా ఆగాలి.

సర్‌ఛార్జీ దిగడానికి ఇంకా సమయం పడుతుంది. ఇండిగో 2023 అక్టోబర్ 6 నుంచి దూరాన్ని బట్టి ఫ్యూయల్ ఛార్జీ పెట్టింది. 500 కిలోమీటర్ల లోపు 300 రూపాయలు, 1,001 నుంచి 1,500 దాకా 550, 3,501 దాటితే 1,000. అంటే హైదరాబాద్ – తిరుపతికి 300, హైదరాబాద్ – ఢిల్లీకి 550 అన్నమాట. ఏటీఎఫ్ దిగిందని చెప్పి 2024 జనవరి 4న తీసేసింది. అలా ప్రకటించి తీసేయడం మెచ్చుకోదగ్గదే. కానీ టికెట్‌లో సర్‌ఛార్జీ లైను పోయినంత మాత్రాన మొత్తం ధర అంతే తగ్గాలని ఏమీ లేదు. మన దగ్గర ఛార్జీల మీద మామూలుగా నియంత్రణ లేదు, సీట్లు నిండుతున్నంత కాలం బేస్ ఫేర్ ఆ ఖాళీని పూడ్చేయగలదు.

జపాన్‌లో పద్ధతి నాకు నచ్చుతుంది. జేఏఎల్, ఏఎన్ఏ ఎయిర్‌లైన్స్ సింగపూర్ కిరోసిన్ (విమాన ఇంధనం) సగటు ధరను యెన్‌లలోకి మార్చి, ఏ ధరకు ఎంత సర్‌ఛార్జీయో పట్టిక ముందే ప్రకటిస్తాయి. 2020లో చమురు కుప్పకూలాక అదే పట్టిక ప్రకారం సర్‌ఛార్జీ సున్నాకి వచ్చింది. ఇలాంటి పట్టిక లేనిచోట ‘చమురు పెరిగింది కాబట్టి పెంచాం’ అన్న మాటను సరిచూసుకునే దారి మనకు ఉండదు. లండన్‌లో ఏం జరిగిందో గుర్తుంచుకోవాలి. సుదూర విమానాల ఫ్యూయల్ సర్‌ఛార్జీలను పోటీ సంస్థతో మాట్లాడుకుని పెంచినందుకు 2007లో బ్రిటిష్ ఎయిర్‌వేస్‌కి బ్రిటన్‌లో 12.15 కోట్ల పౌండ్లు (2012లో దీన్ని 5.85 కోట్లకు తగ్గించారు), అమెరికాలో సరుకు రవాణా సర్‌ఛార్జీల కేసుతో కలిపి 30 కోట్ల డాలర్లు జరిమానా పడింది.

కాబట్టి క్రూడ్ అలర్ట్ తీసేసి టికెట్ ధర మీదే అలర్ట్ పెట్టండి. గూగుల్ ఫ్లైట్స్‌లో రూటు, తేదీలు ఇచ్చి ‘ట్రాక్ ప్రైసెస్’ ఆన్ చేస్తే ధర మారినప్పుడు మెయిల్ వస్తుంది. తేదీలు అటూ ఇటూ జరపగలిగితే ‘ఎనీ డేట్స్’ కూడా ఆన్ చేయండి. సంక్రాంతి ముందు ప్రయాణమైతే చమురు కోసం ఆగొద్దు. ఇంధనం మీద మిగిలేదాని కంటే సీట్ల కొరత మీద పోయేదే ఎక్కువ.

ప్రశ్న: మైల్స్ పెట్టి టికెట్ తీసుకుంటే ‘ఫ్రీ’ అన్నారు. చివర్లో వేల రూపాయలు అడుగుతోంది. యాప్‌లో తప్పా? – బెంగళూరు

జవాబు: యాప్ సరిగ్గానే ఉంది. మైల్స్ బేస్ ఫేర్‌కే సరిపోయాయి, వైక్యూ, వైఆర్ మీ నెత్తినే పడ్డాయి. అన్ని ప్రోగ్రాములూ అలా వసూలు చేయవు. ఎయిర్ కెనడా వాళ్ల మైల్స్ ప్రోగ్రామ్ ఏరోప్లాన్ 2020 నవంబర్‌లో తన ప్రోగ్రామ్ మార్చినప్పుడు ఈ సర్‌ఛార్జీలను తీసేసింది. పార్ట్‌నర్ ఎయిర్‌లైన్ సీటుకు బుకింగ్ ఫీజు మాత్రం ఉంటుంది. ఎయిర్ ఇండియా 2014 నుంచి, ఎయిర్ కెనడా కూడా ఉన్న స్టార్ అలయన్స్ అనే ఎయిర్‌లైన్స్ కూటమిలో ఉంది కాబట్టి దాని సీట్లను కూడా ఏరోప్లాన్‌లో వెతకవచ్చు. క్రెడిట్ కార్డు పాయింట్లను ఏ ఎయిర్‌లైన్‌కైనా పంపే ముందు, ఆ ఎయిర్‌లైన్ సైట్‌లో అదే సీటును చివరి పేమెంట్ పేజీ దాకా తీసుకెళ్లి నగదు ఎంత అడుగుతోందో చూడండి. పాయింట్లు ఒకసారి పంపాక సాధారణంగా వెనక్కి రావు.

ప్రశ్న: టికెట్ కొని నెలైంది. ‘ఇంధన ధర పెరిగింది, తేడా 1,850 కట్టకపోతే పీఎన్ఆర్ రద్దు’ అని లింకుతో మెసేజ్ వచ్చింది. కట్టాలా? – కరీంనగర్

జవాబు: ఆ లింకు ముట్టుకోవద్దు. సర్‌ఛార్జీ టికెట్ జారీ అయిన రోజు లెక్కలోనే ఖాయమవుతుంది, ప్రయాణం రోజుది కాదు. అమెరికాకు వెళ్లే, అక్కడి నుంచి వచ్చే టికెట్లకైతే డబ్బు కట్టాక ధర పెంచకూడదని అక్కడి రవాణా శాఖ నిబంధనే ఉంది.

అయితే మీది జారీ అయిన టికెట్టేనా అనేది చూసుకోండి. ఆరు అక్షరాల పీఎన్ఆర్ ఉంటే టికెట్ ఉన్నట్టు కాదు. ఎయిర్ ఇండియా, ఎమిరేట్స్ లాంటి ఎయిర్‌లైన్స్ టికెట్‌కి 13 అంకెల ఈ–టికెట్ నంబరు ఉంటుంది. మొదటి మూడు అంకెలు ఎయిర్‌లైన్‌వి: ఎయిర్ ఇండియాకి 098, ఎమిరేట్స్‌కి 176, ఖతార్‌కి 157. ఏజెంట్ సీటు పట్టి ఉంచి ఇంకా టికెట్ కొట్టకపోతే ఈ నంబరు ఉండదు. అప్పుడు ధర పెరగడం నిజంగానే జరుగుతుంది. ఎయిర్‌లైన్ సొంత యాప్‌లో ‘మేనేజ్ బుకింగ్’కి వెళ్లి పీఎన్ఆర్, ఇంటిపేరు ఇచ్చి చూడండి. అక్కడ బాకీ కనపడకపోతే మెసేజ్ దొంగది. డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. మెసేజ్ మాత్రమే వచ్చి ఉంటే సంచార్ సాథీ పోర్టల్‌లోని ‘చక్షు’లో ఫిర్యాదు ఇవ్వండి.

తేదీ మార్చుకుంటే మాత్రం లెక్క వేరు. టికెట్ మళ్లీ జారీ అవుతుంది కాబట్టి ఆ రోజు సర్‌ఛార్జీ వర్తించవచ్చు. ‘ఛేంజ్ ఫీ లేదు’ అన్న టికెట్‌కి కూడా తేడా అడిగేది అందుకే.

ప్రశ్న: నాన్‌రిఫండబుల్ టికెట్ రద్దు చేస్తే సున్నా అని చూపిస్తోంది. అంతేనా? – వైజాగ్

జవాబు: సున్నా కాకూడదు. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధన ప్రకారం రద్దు ఛార్జీ బేస్ ఫేర్, ఫ్యూయల్ సర్‌ఛార్జీ కలిపినదాన్ని మించకూడదు. ప్రభుత్వ పన్నులు, యూజర్ డెవలప్‌మెంట్ ఫీజు లాంటి ఎయిర్‌పోర్టు ఫీజులు ప్రోమో టికెట్‌కైనా తిరిగి రావాల్సిందే. వైక్యూ, వైఆర్ విడిగా చూడమన్నది ఇందుకే. ‘ట్యాక్సెస్’ అని గుంపుగా చూపించిన మొత్తమంతా వెనక్కి వస్తుందనుకుంటే నిరాశే, అందులో ఎయిర్‌లైన్ ఉంచుకునే వాటా కూడా ఉంది. బుకింగ్ సైట్ కన్వీనియెన్స్ ఫీజు మీద కూడా ఆశ పెట్టుకోవద్దు.

యాప్‌లో సున్నా చూపిస్తే ‘క్యాన్సిల్’ నొక్కే ముందు ఆ పేజీని, ఇన్వాయిస్‌ని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. రద్దు చేశాక చాలా యాప్‌లలో ఆ వివరాలు కనపడవు. విమానం బయలుదేరకముందే రద్దు చేయండి. డబ్బు రాకపోతే ముందు ఎయిర్‌లైన్‌కి రాసి ఫిర్యాదు నంబరు తీసుకుని, ఆ తర్వాత పౌర విమానయాన శాఖ ఎయిర్‌సేవా పోర్టల్‌లో స్క్రీన్‌షాట్లు జతచేసి పెట్టండి. అక్కడా కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

ప్రశ్న: ఇన్‌కాగ్నిటోలో వెతికితే టికెట్ తగ్గుతుందా? – గుంటూరు

జవాబు: దాని మీద నమ్మకం పెట్టుకోకండి. కాసేపటికి మళ్లీ వెతికితే ధర పెరగడానికి మామూలు కారణం చవక ఫేర్ బకెట్‌లో (ఒకే ధరకు అమ్మే కొన్ని సీట్ల గుంపులో) సీట్లు అయిపోవడం, లేదా మొదట కనిపించినది సైట్ దాచి ఉంచిన పాత ధర కావడం. దానికి బదులు ఇది చేసి చూడండి. నలుగురికి కలిపి వెతికితే నలుగురికీ సరిపడే బకెట్ ధరే చూపిస్తారు. చవక బకెట్‌లో మూడు సీట్లే ఉంటే నలుగురూ పై ధరకు వెళ్లిపోతారు. ఒక్కరికి వెతికి చూసి ధర తక్కువగా ఉంటే ముగ్గురికి ఒక బుకింగ్, ఒకరికి ఒక బుకింగ్ చేసుకోండి. పిల్లలు, పెద్దవాళ్లు ఉంటే మాత్రం వాళ్లకు తోడుగా వెళ్లేవాళ్ల పీఎన్ఆర్‌లోనే ఉంచండి. విమానం రద్దయితే వేర్వేరు పీఎన్ఆర్‌ల వాళ్లను వేర్వేరు విమానాలకు మార్చేసే ప్రమాదం ఉంది.