కొత్త ఉద్యోగంలో చేరబోతున్న మా అమ్మలుకి

అమ్మలూ,

ఆరేళ్ల ఉద్యోగం వదిలేసి, ఇంటి నుంచే పనిచేసే ఒక చిన్న టీములో చేరుతున్నావని మీ నాన్న చెప్పగానే గుండె గుభేలుమంది. ఫోన్ పెట్టేశాక కాసేపటికి, నీ వయసులో నాకు ఇంత ధైర్యం లేదే అనుకుంటే కళ్లు చెమర్చాయి. నిన్ను ఆపమన్నాడు మీ నాన్న. ఆపను. కానీ రాత్రి నిద్ర పట్టలేదు, అందుకే ఈ ఉత్తరం.

ముందు చిన్నవి. పాత ఆఫీసులో రిలీవింగ్ లెటర్ చేతికొచ్చాకే బయటికి రా. కొత్తవాళ్లు నోటితో చెప్పినవన్నీ, పనిగంటలతో సహా, మెయిల్‌లో రాయించుకో. ఆరు నెలల ఖర్చులకు డబ్బు పక్కన పెట్టుకో. మంచి కుర్చీ కొనుక్కో, నా మెడ నొప్పి చూస్తూనే ఉన్నావుగా.

ఇప్పుడు చెప్పబోయేది మీ నాన్నకు కూడా పూర్తిగా తెలియదు.

నేను ఫాక్స్‌ప్రో అనే పాత డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో జీతాల ప్రోగ్రామ్ రాశానని చిన్నప్పుడు నీకు గొప్పగా చెప్పేదాన్ని. నెలాఖరున మూడు ప్రోగ్రాములు ఒక వరుసలో నడపాలి. వరుస తప్పితే బకాయిలు రెండుసార్లు పడేవి. మధ్యలో కరెంటు పోతే, ఏ రికార్డు ఎక్కడుందో చూపించే ఇండెక్స్ ఫైలు పాడయ్యేది, దాన్ని మళ్లీ తయారు చేస్తేగానీ రికార్డులు సరిగా దొరికేవి కావు. ఇదంతా నా బుర్రలోనే ఉండేది. కాగితం మీద ఒక్క ముక్క లేదు. కావాలనే రాయలేదు. నేను లేకపోతే జీతాలు ఆగిపోతాయి కాబట్టి నా ఉద్యోగానికి ఢోకా లేదనుకున్నాను.

ఒక కుర్రాడు కొత్తగా వచ్చాడు. నోట్‌బుక్ పట్టుకుని నా పక్కన కూర్చునేవాడు. పది అడిగితే ఐదు చెప్పేదాన్ని. "అది నేను చూసుకుంటాలే" అని పంపేసేదాన్ని. సెలవు పెడితే ఆఫీసు నుంచి ఫోన్లు వచ్చేవి. చిరాకు పడినట్టు కనిపించేదాన్ని గానీ, లోపల ఎంత సంతోషమో!

తర్వాత అదే పనిని వెబ్‌లోకి మార్చడానికి ఒక టీము వేశారు. మొదటి జాబితాలో నా పేరుంది. మా మేనేజరు కొట్టేశాడు. "మీరు వెళ్తే జీతాలు ఎవరు చేస్తారండీ?" అన్నాడు. ఆ మాటకు పొంగిపోయాను, అమ్మలూ. ఇంటికొచ్చి మీ నాన్నకు ఫోన్ చేసి మరీ చెప్పుకున్నాను. ఆ కుర్రాడు ఆ టీములోకి వెళ్లాడు.

2007 మార్చిలో మైక్రోసాఫ్ట్ ఇక ఫాక్స్‌ప్రోకి కొత్త వెర్షన్ రాదని చెప్పేసింది. అప్పుడు కూడా నేను కదల్లేదు. చివరికి నా ప్రోగ్రామ్ ఆపేసిన రోజు, కొత్తది నాకు నేర్పడానికి వచ్చింది ఆ కుర్రాడే. పది అడిగితే పదీ చెప్పాడు, మళ్లీ అడిగితే మళ్లీ చెప్పాడు. ఆ మధ్యాహ్నం తలెత్తి అతని ముఖం చూడలేకపోయాను.

ఒక్క సంగతి మాత్రం ఊరటనిచ్చింది. కొత్తదాంట్లోనూ ఎస్‌క్యూఎల్ ఉంది, అదే, డేటాబేసు నుంచి కావలసిన వివరాలు అడిగే భాష. ఫాక్స్‌ప్రోలో రాసిన సెలెక్ట్ అనే ఆదేశం లాంటిదే అక్కడా కనిపించింది. ఆ పద్ధతికి మూలమైన ఆలోచనను కాడ్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త 1970లోనే రాశాడట. జీతం లెక్క ఎక్కడ తప్పుతుందో పట్టుకోవడం కూడా నాకు కొత్తగా నేర్పాల్సిన అవసరం రాలేదు. నేను భయంతో పట్టుకుని వేలాడింది టూల్‌ని, నాకు పనికొచ్చింది మాత్రం ఆ లెక్క తెలియడం.

అందుకే చెబుతున్నాను. చేరిన మొదటి వారం నుంచే నువ్వు చేసే ప్రతి పనీ, ఇంకొకరు చదివి చేయగలిగేలా రాసిపెట్టు. ఎవరైనా అడిగితే దాచుకోకు. ఇంట్లో ఒంటరిగా పనిచేసేవాళ్లకు ఈ జబ్బు ఇంకా త్వరగా పడుతుందేమోనని నా భయం, పక్క కుర్చీలో అడిగేవాళ్లే ఉండరు కదా. నువ్వే పిలిచి చూపించు. నీకు తెలియనిది కూడా సిగ్గుపడకుండా అడుగు.

చాట్‌జీపీటీ వచ్చాక నీ పని ఉంటుందో ఉండదో అని మీ నాన్నకు టెన్షన్. 2022 నవంబరులో అది వచ్చినప్పటి నుంచి ఆయనకు అదే ధ్యాస. వాడుకో, నేనూ వాడుతున్నాను. కానీ అది రాసిచ్చినదాన్ని నువ్వు నోటితో వివరించలేకపోతే నీ పేరుతో పంపకు. ఆఫీసు రహస్యాలు, మనుషుల వివరాలు అందులో వేయకు. ఈ విషయంలో మాత్రం నా మాట దాటావంటే ఊరుకోను!

అలిగావా? అలగకు. ఆరేళ్ల వయసులో నా కీబోర్డు మీద అక్షరాలు ఒక్కొక్కటే వెతుక్కుంటూ నీ పేరు కొట్టినదానివి, నిన్ను తిట్టడానికి నాకు నోరెలా వస్తుంది.

మొదటి నెల రాసుకున్న నోట్సు నాకు పంపు. సగం అర్థం కాకపోయినా కూర్చుని చదువుతాను. నాకు ఎక్కడ అర్థం కాలేదో గుర్తుపెట్టి పంపుతాను, అక్కడ ఇంకో రెండు లైన్లు రాద్దువుగాని.

మీ అత్త