ఇష్టంలేని పక్షం చీటీలో వస్తే

చి. అమ్ములుకి,
పెద్దమ్మ ఆశీస్సులు.

హోంవర్క్ రద్దు చేయాలని ఇంట్లో పోట్లాడే నీకు డిబేట్‌లో "రద్దు చేయకూడదు" అన్న పక్షం చీటీ వచ్చిందట. మనసొప్పక పేరు వెనక్కి తీసుకుంటానంటున్నావని మీ అమ్మ చెప్పింది. తీసుకోకు తల్లీ. ఎన్నో ఏళ్లు పిల్లల్ని డిబేట్లకు తయారు చేశాను కాబట్టి చెబుతున్నా. నచ్చిన పక్షం దొరికిన పిల్లలు చాలామంది అప్పటికే తెలిసిన నాలుగు ముక్కలు చెప్పి స్టేజి దిగిపోతారు. నచ్చనిది దొరికినవాళ్లు పుస్తకాలు తిరగేస్తారు, పదిమందినీ అడుగుతారు.

ముందు అవతలి జట్టు వాదన నువ్వే రాయి. అది ఎలాగూ నీ సొంత అభిప్రాయమే. వాళ్లు చదివితే "మేం చెప్పాలనుకున్నదీ ఇదే" అనాలి, అంత గట్టిగా రాయి. మన పాత శాస్త్రకారులు ఎదుటివాడి మాటను పూర్వపక్షంగా నిలబెట్టాకే తమ సిద్ధాంతం చెప్పేవారు. ఇక్కడ పూర్వపక్షంలో అన్నిటికన్నా బలమైన మాట ఏమిటంటే, ఇంట్లో చెప్పేవాళ్లు లేని పిల్లలు హోంవర్క్ వల్ల ఇంకా వెనకబడతారు. దానికి "క్రమశిక్షణ వస్తుంది" అని జవాబిస్తే తేలిపోతావు. నిజమేనని ఒప్పుకో. ఒప్పుకున్నాక అడుగు: టీచరు పక్కనుంటే లెక్క వచ్చినట్టే ఉంటుంది, ఒక్కడే కూర్చున్నప్పుడు పిల్లవాడు ఏ మెట్టు దగ్గర ఆగిపోయాడో తెలిసేదెలా? హోంవర్క్ తగ్గించండి, ఆఖరి పీరియడ్‌లో సాయం చేయండి, తీసేయడం మాత్రం వద్దు అను. ఇంత చెప్పాక చూసుకో, నీ మనస్సాక్షి కాదనే మాట ఇందులో ఒక్కటైనా ఉందేమో.

నష్టాలూ ఉన్నాయి, దాచను. 1954లో జానిస్, కింగ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు అమెరికాలో కాలేజీ విద్యార్థులకు ఒక్కో పక్షం ఇచ్చి మాట్లాడించారు. ఊరికే విన్నవాళ్లకన్నా, స్వయంగా మాట్లాడినవాళ్లే మొత్తం మీద ఆ పక్షం వైపు ఎక్కువ మొగ్గారు. మన నోటితో అల్లిన వాదన మనల్నే ముందు ఒప్పిస్తుందన్నమాట. అందుకని పోటీ అయిన రాత్రే, చీటీ సంగతి పక్కన పెట్టి, నీ అసలు అభిప్రాయం నోట్‌బుక్‌లో రాసుకో. మారితే ఎందుకు మారిందో కూడా రాయి.

నాకు అంతకన్నా భయం గెలుపు రుచి మరిగితే. మన పాత తర్కశాస్త్ర గ్రంథమైన న్యాయసూత్రాలు, నిజం తేల్చడానికి చేసేదాన్ని వాదమని, గెలవడానికి చేసేదాన్ని జల్పమని, తనకంటూ ఒక పక్షం లేకుండా ఎదుటివాడిని ఖండించడమే పనిగా పెట్టుకునేదాన్ని వితండమని విడదీశాయి. స్కూల్ డిబేట్‌కి కప్పు ఉంది, జడ్జీ ఉన్నారు, గడియారం ఉంది, కాబట్టి అది జల్పం వైపే లాగుతుంది. ఆ లాగుడు ఇంటిదాకా వస్తే అమ్మతో, స్నేహితులతో మాట్లాడటం కూడా పోటీ అయిపోతుంది. అది నాకు అస్సలు ఇష్టం లేదు.

ఇంకొకటి. ఏ పక్షం ఇచ్చినా పుచ్చుకోవాలని లేదు. 1954-55లో అమెరికా కాలేజీల డిబేట్ అంశం, కమ్యూనిస్టు చైనాను తమ దేశం గుర్తించాలా అన్నది. వెస్ట్ పాయింట్, అనాపోలిస్ సైనిక అకాడమీలు తమ విద్యార్థులను ఆ అంశం మీద మాట్లాడనివ్వలేదు. అది అతి జాగ్రత్తే అంటాను. ఒక దేశ విధానాన్ని రెండు వైపులా వాదించడంలో తప్పులేదు. కానీ ఫలానా కులంవాళ్లు, ఫలానా మతంవాళ్లు మనతో సమానమా అని ఎవరైనా అంశం ఇస్తే, నీ పక్కన కూర్చున్న పిల్ల తన విలువను తనే నిరూపించుకోవాల్సి వస్తుంది. అలాంటిది వస్తే మాట్లాడనని నేరుగా టీచరుతో చెప్పు. హోంవర్క్ అలాంటి విషయం కాదు.

పోటీ అయ్యాక పక్షాలు తారుమారు చేసి ఇంకో రౌండ్ పెట్టమని అడుగు. మార్కులూ జడ్జీలూ లేకుండా, క్లాసులోనే. ప్రసంగం రాశాక నాకు పంపు, చదివి చెబుతాను.

మీ పెద్దమ్మ