సల్సా నేర్చుకుంటుంటే మోకాలి నొప్పి.. మానేయాలా?

ప్రశ్న: నా వయసు 44. కంప్యూటర్ ముందు కూర్చుని చేసే ఉద్యోగం. వ్యాయామం అలవాటు లేదు. ఎప్పటి నుంచో ఉన్న కోరికతో నెల కిందట సల్సా డాన్స్ క్లాసులో చేరాను. ఇంకా బేసిక్ స్టెప్పులే నేర్పుతున్నారు. పాట వేగం అందుకోలేక కాళ్లు తడబడుతుంటే, ఇంట్లో స్పోర్ట్స్ షూ వేసుకుని రోజూ గంటసేపు ప్రాక్టీస్ మొదలుపెట్టాను. పది రోజులుగా మెట్లు దిగుతుంటే కుడి మోకాలి చిప్ప చుట్టూ నొప్పి. వాపు లేదు. పొద్దున లేచేసరికి పిక్కలు పట్టేసి ఉంటున్నాయి. గుజ్జు అరిగిపోయిందేమో, మానెయ్ అని ఇంట్లో వాళ్లు అంటున్నారు. మానేయాలా? ఎక్స్-రే తీయించుకోవాలా? - ఒక పాఠకురాలు

జవాబు: ముందు టెన్షన్ తగ్గించుకోండి. మీరు రాసిన లక్షణాలు చూస్తే గుజ్జు అరుగుదల కంటే పటెల్లోఫెమొరల్ పెయిన్ అనే సమస్యకే ఎక్కువ దగ్గరగా ఉన్నాయి. తొడ ఎముక చివర ఉండే గాడిలో మోకాలి చిప్ప పైకీ కిందికీ జారుతుంటుంది. రోజంతా కూర్చునే అలవాటున్న కాళ్లకు ఉన్నట్టుండి పని పెరిగితే అక్కడ ఒత్తిడి ఎక్కువై నొప్పి మొదలవుతుంది. మెట్లు దిగేటప్పుడు, చాలాసేపు కూర్చుని లేచేటప్పుడు తెలుస్తుంది. వాపు లేదు, దెబ్బ తగిలినట్టూ రాయలేదు కాబట్టి ఇప్పుడే ఎక్స్-రే అవసరం లేదు. డాన్స్ మానేయాల్సిన పని అంతకన్నా లేదు.

అయితే రోజూ గంటసేపు ప్రాక్టీస్ మాత్రం ఆపాలి. సల్సా పాటలు సాధారణంగా నిమిషానికి 160 నుంచి 220 బీట్ల వేగంతో సాగుతాయి. ఎనిమిది బీట్లకు ఆరు అడుగులు పడతాయి. అంటే 180 బీట్ల పాటకు నిమిషానికి 135 అడుగులు. పది నిమిషాలకే 1,350 అవుతాయి. అన్నీ మోకాలు కాస్త వంచి, పాదం ముందు భాగం మీద పడే అడుగులే. నిన్నటి దాకా కుర్చీలో ఉన్న కాలికి అది చిన్న పని కాదు. పిక్కలు పట్టేయడమూ అందుకే.

ఇక కాళ్లు తడబడటం గురించి. మీకు బహుశా ఎనిమిది బీట్ల లెక్కలో 1కి కుడికాలు వెనక్కి, 2కి ఎడమకాలు ఉన్నచోటే నొక్కి, 3కి కుడికాలు మధ్యకు, 4కి ఆగడం, 5కి ఎడమకాలు ముందుకు, 6కి కుడికాలు ఉన్నచోటే, 7కి ఎడమకాలు మధ్యకు, 8కి ఆగడం అని నేర్పుతున్నారు. కొత్తవాళ్లలో ఎక్కువమంది అడుగు వేస్తారు కానీ బరువు పూర్తిగా దాని మీదకు తీసుకోరు. సగం బరువు పాత కాలి మీదే ఉండిపోతుంది. దాంతో తర్వాత ఏ కాలు కదపాలో శరీరానికి తెలియక తడబాటు వస్తుంది. ఒకసారి ఇలా చూసుకోండి: 3 దగ్గర ఆగి, ఎడమకాలు నేల మీద నుంచి కొంచెం ఎత్తండి. ఒళ్లు పక్కకు తూలకుండా కాలు తేలిగ్గా లేస్తే బరువు సరిగ్గా మారినట్టే. 7 దగ్గర కుడికాలితో అలాగే చేయండి.

రెండో పొరపాటు పెద్ద అడుగులు. ముందుకైనా వెనక్కైనా మీ పాదం పొడవుకు మించి వేయకండి. దూరంగా వేసిన అడుగు నుంచి వేగంగా మధ్యకు రావాలంటే వంగిన మోకాలితో గట్టిగా తోయాలి. ఆ భారమంతా చిప్ప మీద పడుతుంది. అడుగు వేసేటప్పుడు మోకాలు లోపలికి ఒరగకుండా, కాలి రెండో వేలి వైపే ఉండేలా చూడండి. నడుమును కావాలని తిప్పకండి. ఒక మోకాలు వంగి, ఇంకోటి నిటారుగా అవుతుంటే తుంటి కదలిక దానంతటదే వస్తుంది. బలవంతంగా ఊపితే కొన్నాళ్లకు నడుం నొప్పి కూడా తోడవుతుంది.

షూ విషయం తేలిగ్గా తీసుకోవద్దు. స్పోర్ట్స్ షూ రబ్బరు సోల్ నేలను గట్టిగా పట్టుకుంటుంది. ఒళ్లు తిరుగుతుంది, పాదం తిరగదు. ఆ మెలిక మోకాలి దగ్గరే పడుతుంది. తోలు లేదా స్వెడ్ (నూగు తోలు) సోల్ ఉన్న, హీల్ తక్కువ ఉన్న డాన్స్ షూ మంచిది. అవి దొరికే దాకా టర్నులు వద్దు, బేసిక్ స్టెప్పు వరకే చేయండి. నున్నటి నేల మీద సాక్సుతో మాత్రం చేయకండి, జారి పడతారు.

వచ్చే రెండు వారాలు రోజు విడిచి రోజు 15 నిమిషాలు చాలు. మొదట పాట లేకుండా అంకెలు లెక్కపెడుతూ చేయండి, తర్వాత నెమ్మది పాటకు మారండి. చేస్తున్నప్పుడు నొప్పి పదికి మూడు లోపే ఉండి, మర్నాడు పొద్దుటికి తగ్గిపోతే ఫర్వాలేదు. అంతకు మించితే సమయం ఇంకా తగ్గించండి. నొప్పి మాత్ర వేసుకుని క్లాసుకు వెళ్లే అలవాటు నాకు అస్సలు నచ్చదు. ఎక్కడ ఆగాలో చెప్పే నొప్పినే అది కప్పేస్తుంది. క్లాసు అయ్యాక నొప్పిగా ఉంటే గుడ్డలో చుట్టిన ఐస్ 10, 15 నిమిషాలు పెట్టుకోండి.

అసలు మందు తొడ, తుంటి కండరాల బలం. చేతుల సాయం లేకుండా కుర్చీలోంచి నెమ్మదిగా లేచి కూర్చోవడం, పక్కకు తిరిగి పడుకుని పై కాలు ఎత్తడం, గోడ పట్టుకుని మడమలు పైకి లేపడం.. ఒక్కోటి 10 సార్లు చొప్పున రెండు విడతలు, వారానికి మూడు రోజులు చేయండి. కుర్చీ వ్యాయామంలో నొప్పి వస్తే ఎత్తయిన కుర్చీ వాడండి. పిక్కలకు గోడ దగ్గర నిలబడి, వెనక కాలి మడమ నేలకు ఆనించి 30 సెకన్లు సాగదీయండి. తేడా తెలియడానికి ఆరు వారాల దాకా పట్టొచ్చు, ఓపిక పట్టండి. ఆఫీసులో అరగంటకోసారి లేచి నాలుగడుగులు వేయండి.

మోకాలు వాచినా, వంగి అక్కడే ఇరుక్కుపోయినా, నిలబడితే పట్టు తప్పినా, రాత్రి నిద్రలోనూ నొప్పి లేపుతున్నా, ఆరు వారాలకూ తగ్గకపోయినా ఎముకల డాక్టరుకు చూపించండి. ఒక పిక్క మాత్రమే వాచి, వేడిగా, ఎర్రగా ఉంటే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి, రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. డాన్స్ చేస్తుండగా గుండెలో బిగదీసినట్టు అనిపించినా, కళ్లు తిరిగి పడిపోబోయినా అక్కడికక్కడే ఆపి అత్యవసర వైద్యం తీసుకోండి. బీపీ మాత్రలు వాడుతుంటే ఆ సంగతి కూడా డాక్టరుకు చెప్పండి.

ఈలోగా క్లాసు మానక్కర్లేదు. నేర్పేవాళ్లకు మోకాలి సంగతి చెప్పి, కొన్నాళ్లు ముందు వెనకల బదులు పక్కలకు వేసే బేసిక్ స్టెప్పు చేయిస్తారేమో అడగండి. దానిలో నొప్పి తక్కువగా ఉండొచ్చు.