చిట్టికి, నీ ఆదివారం ప్రసంగాల గురించి

చిరంజీవి చిట్టికి, పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. టీ నగర్‌లో హాలు మాట్లాడుకున్నావట. నెలకు రెండు ఆదివారాలు మన మద్రాసు తెలుగువాళ్లకి పాత రాజుల చరిత్ర, అప్పటి తగవులు, తీర్పులు, పన్నులు చెబుతావట. యూట్యూబ్‌లో కూడా పెడతావట. ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. నా ఒళ్లో కూర్చుని శాసనాల పుస్తకంలో 'క'లు వెతికి పెన్సిలుతో సున్నాలు చుట్టిన పిల్ల ఇంతదయిందా అని ఒక పక్క సంతోషం. ఇంకో పక్క టెన్షన్. ఫోన్‌లో చెబితే "సరే పెద్దమ్మా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను.

చిన్న విషయాలు నీకు తెలిసినవే. గంట దాటనివ్వకు. మంచినీళ్లు దగ్గర పెట్టుకో. తేదీలు కాగితం మీద రాసుకో, జ్ఞాపకాన్ని నమ్మొద్దు. ముందు వరసలో పెద్దవాళ్లు కూర్చుంటారు, వాళ్లకి వినపడుతోందో లేదో అడిగి మొదలుపెట్టు.

ఇప్పుడు అసలు సంగతి. నువ్వు వేయించిన పోస్టరు మీ అమ్మ వాట్సాప్‌లో పంపింది. "వెయ్యేళ్ల కిందటే మన ప్రజాస్వామ్యం: ఉత్తరమేరూరు" అని ఉంది. ఆ మాట తీసెయ్యి. అచ్చయిపోయినా సరే, తీసెయ్యి.

కాంచీపురం దగ్గర ఆ ఊరి గుడి గోడ మీద ఏముందో నాకంటే నీకే బాగా తెలుసు. పరాంతక చోళుడి కాలం, ఊరి సభ కమిటీలకు మనుషుల్ని ఎంచుకోవడానికి 919లో ఒకసారి, 921లో మళ్లీ మార్చి రాసిన నియమాలు. ముప్పై వార్డులు. ఒక్కో వార్డులో పేర్లు ఆకుల మీద రాసి కుండలో వేసేవాళ్లు. ఏమీ తెలియని చిన్న పిల్లాడి చేత ఒక ఆకు తీయించేవాళ్లు. మధ్యస్థుడు ఐదు వేళ్లూ విప్పి అరచేతిలో దాన్ని అందుకోవాలి, అంటే చేతిలో ఇంకో ఆకు దాచలేదని అందరికీ కనపడాలి. ఎంత జాగ్రత్త! ఆ ఐదు వేళ్లు నీ చేత్తోనే చూపించు, హాలు మొత్తం లేచి కూర్చుంటుంది. లెక్కలు అప్పజెప్పనివాడు మళ్లీ పనికిరాడు, వాడి పెద్దమ్మ కొడుకు, పినతల్లి కొడుకు, మేనత్త కొడుకు, మేనమామ కొడుకు కూడా పనికిరారు. ఇది చెప్పు, జనం నవ్వుతారు, ఆలోచిస్తారు.

కానీ అది బ్రాహ్మణులకు దానమిచ్చిన ఊరు. ఆ సభ వాళ్లది. సొంత స్థలంలో ఇల్లు, పన్ను కట్టే పొలం, వేదం చదువు, 35 నుంచి 70 లోపు వయసు ఉన్న మగవాళ్ల పేర్లే కుండలో పడేవి. పొలం దున్నినవాడి పేరు ఆ కుండలో లేదు, నీ పేరు, నా పేరు అసలే లేవు. ఇదీ అదే ఊపులో, అదే గొంతుతో చెప్పాలి. చివర్లో "అయితే" అని గొణిగి తప్పించుకోకూడదు. ఆ నియమాల గొప్పతనం దీనివల్ల తగ్గదు. వాళ్లు దొంగతనానికి ఎంత భయపడ్డారో, ఎంత తెలివిగా అడ్డుకున్నారో అలాగే మిగులుతుంది.

నేనింత గట్టిగా ఎందుకు చెబుతున్నానో నీకు తెలియదు. మీ అమ్మకీ పూర్తిగా తెలియదు.

1986 వేసవి. కాలేజీకి సెలవులు. కడప జిల్లాలో ఒక ఊరివాళ్లు గుడి తిరునాళ్లకి వచ్చి, గుడి ముందున్న రాయి చదివి పెట్టమన్నారు. ఊరి పేరు రాయను. విజయనగర కాలం నాటి దాన శాసనం. చెరువు కింద గుడికి ఇన్ని ఖండుగల మాగాణి ఇచ్చినట్టు. ఖండుగ అంటే అప్పటి పొలం కొలత. మధ్యాహ్నం ఎండ నిలువుగా పడుతుంటే అక్షరం కనపడదు కదా. నాకు తొందర. చాక్‌పీసు తీసుకుని అక్షరాల గాడిలో రుద్దుకుంటూ పోయాను. ఖండుగల అంకె దగ్గర రాయి కాస్త పెచ్చు లేచింది. రెండా, మూడా? ఒక వంకర గీత తేడా. చాక్‌పీసు అక్కడ గీతలోకి జారింది, తెల్లగా "మూడు" కనపడింది. నేను గీసిందే నాకు కనపడింది, చిట్టీ. ఆ సంగతి అప్పుడు తట్టలేదు.

సాయంత్రం పందిరి కింద మైకు. ఐదారు వందల మంది. ఆడమనిషి రాయి చదువుతుందట అని పక్క ఊళ్ల నుంచి కూడా వచ్చారు. చదివాను. మూడు ఖండుగలు అన్నాను. అక్కడితో ఆగలేదు. శాసనం చివర శాప శ్లోకం ఉంటుంది కదా, తానిచ్చినదైనా పరులిచ్చినదైనా భూమిని అపహరించినవాడు అరవై వేల ఏళ్లు పెంటలో పురుగై పుడతాడని. దాన్ని రాగం తీసి చదివి, తెలుగులో అర్థం చెప్పాను. చప్పట్లు కొడతారనుకున్నాను. కొట్టలేదు. తలలన్నీ ఒకేసారి ఒక పక్కకి తిరిగాయి. పందిరి గుంజకి ఆనుకుని ఒకాయన నిలబడి ఉన్నాడు, భుజం మీద తువ్వాలు. ఆయన తల దించుకున్నాడు. నాకేమీ అర్థం కాలేదు. పళ్లెంలో పళ్లు, చీర పెట్టి సన్మానం చేశారు, రాత్రి బస్సుకి మద్రాసు వచ్చేశాను.

చెరువు కింద గుడి పొలం రెండు ఖండుగలు. దాన్ని ఆనుకుని ఉన్నది ఆయన పొలం. తాత నాటి నుంచి వాళ్లే చేసుకుంటున్నారు. నేను మైకులో మూడు అన్న మర్నాడే గుడి గోడ మీద రంగుతో రాయించారట. మూడో ఖండుగ ఏదీ అంటే అందరి వేళ్లూ ఆయన వైపే. నెల తిరక్కుండా కోర్టు నోటీసు.

ఆయన మాంబళంలో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. గుడ్డ సంచిలో వేరుశనక్కాయలు తెచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు, మెట్టు మీదే కూర్చున్నాడు. "అమ్మా, రాతి మీద నిజంగా అట్లా ఉందా?" అని ఒక్క మాట అడిగాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ వారమే మళ్లీ వెళ్లాను. ఈసారి కొబ్బరి పీచుతో రాయి కడిగి, చాక్‌పీసు పొడి అంతా పోయేదాకా నీళ్లు పోసి, తడి కాగితం అంటించి, బ్రష్షుతో కొట్టి, సిరా అద్ది అచ్చు తీశాను. ఎండిన కాగితం దీపం ముందు పట్టుకుంటే తెలిసింది. నేను మూడు అనుకున్న గీత ఆ అంకె దగ్గర ఆగలేదు. కింద రెండు వరసలు దాటి, ఇంకో అక్షరాన్ని కోసుకుంటూ పోయింది. అది పగులు. అక్కడున్నది రెండు.

పెద్దలందరినీ పిలిచి చూపించాను. "మైకులో చెప్పింది మీరే కదమ్మా, ఇప్పుడు ఆయనేమిచ్చాడు?" అన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. సంతకం చేసి కాగితం రాసిచ్చాను, కోర్టుకి రెండుసార్లు వెళ్లాను. ఆరేళ్లు నడిచింది. తీర్పు ఆయన వైపే వచ్చింది. అప్పటికి సగం నేల వకీలు ఖర్చులకి అమ్ముడుపోయింది.

అందుకని నిన్ను బతిమాలుతున్నాను. రాయి పెచ్చు లేచినచోట "ఇక్కడ పోయింది" అను. ఊహించి పూరించకు. నీ ముందు కూర్చున్నవాళ్లకి అది పరిశోధన కాదు. వాళ్లు ఇంటికెళ్లి దాంతో ఏదో ఒకటి చేస్తారు. మా వంశం వాళ్లే ఆ రాజులు అంటూ వంశవృక్షాలు పట్టుకొస్తారు, చూడు. గౌరవంగా తీసుకో, అవునని మాత్రం అనకు. కేతన గారి విజ్ఞానేశ్వరము, అదే మితాక్షర అనే సంస్కృత ధర్మశాస్త్ర వ్యాఖ్యకి తెలుగు, దాని గురించి చెప్పే రోజు, ఎవరో ఒకావిడ పక్కకి పిలిచి, మితాక్షర ప్రకారం ఆడపిల్లకి వాటా లేదట కదా అని అడుగుతుంది. పదమూడో శతాబ్దపు పుస్తకం గురించి ఆమె అడగడం లేదు, వాళ్ల అన్నయ్య గురించి అడుగుతోంది. కొడుకుకి పుట్టుకతో హక్కు అని మితాక్షర అన్న మాట చెప్పు, హిందూ వారసత్వ చట్టానికి 2005లో వచ్చిన సవరణతో కూతురికీ అదే హక్కు వచ్చిందని వెంటనే చెప్పు, ఆ తర్వాత లాయర్ దగ్గరికి పంపు.

కథలు వద్దనడం లేదు. మన హైకోర్టు ఆవరణలో మనునీతి చోళుడి విగ్రహం ఉంది కదా, కొడుకు రథం కింద పడి దూడ చచ్చిందని ఆ కొడుకునే రథం కింద తొక్కించిన రాజు. అదే కథ మనకి బెజవాడ మాధవవర్మ పేరు మీద ఉంది, అక్కడ దూడ బదులు పసిపిల్లాడు. రెండూ పక్కపక్కన పెట్టి చెప్పు. ఇలా జరిగిందని కాదు, రాజు ఇలా ఉండాలని మన రెండు భాషలవాళ్లూ ఎంత ఆశపడ్డారో చెప్పు. రుద్రమదేవి గురించి చెప్పేటప్పుడు చందుపట్ల శాసనం తప్పకుండా చూపించు. నల్గొండ జిల్లాలో ఒక చిన్న రాయి దొరికి, ఆమె 1289లోనే పోయిందని తేలింది. అంతకు ముందు మేమంతా ఇంకో ఏడు చెప్పేవాళ్లం. మార్చుకున్నాం.

నన్నడిగితే మొదటి ఆదివారం మోటుపల్లితో, మన పాత ఓడరేవుతో మొదలుపెట్టు. వీరభద్రుడి గుడి స్తంభం మీద కాకతీయ గణపతిదేవుడి అభయ శాసనం, 1244. తుపానుకి ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అంతకు ముందు రాజులు లాక్కునేవాళ్లు. ప్రాణం కంటే ధనమే మేలని సముద్రం మీద ఇంత సాహసం చేసినవాళ్లకి సుంకం తప్ప అన్నీ వదిలేస్తున్నాం అన్నాడు ఈయన. సుంకం ముప్పైలో ఒక వంతు. దయతో, కీర్తి కోసం, ధర్మం కోసం అని మూడు కారణాలూ రాయించుకున్నాడు. మూడూ చదువు, కీర్తిని దాచకు. ఓడలొస్తే ఖజానా నిండుతుందని ఆయనకి తెలియదా? అయినా సర్వం పోగొట్టుకుని ఒడ్డున పడ్డ పరదేశికి "నీ సరుకు నీదే" అన్న మాట ఒక రాజు రాతి మీద చెక్కించాడంటే నాకు ఇప్పటికీ కళ్లు చెమరుస్తాయి. నీకూ చెమర్చాలి. అప్పుడే జనానికి అందుతుంది.

తర్వాత ఉత్తరమేరూరు పెట్టుకో. చెప్పే ముందు ఒకసారి వెళ్లి ఆ గోడ ముందు నిలబడిరా. నేనూ వస్తాను, మోకాళ్లు నొప్పులని నువ్వు అడ్డం చెప్పకు, కారులోనేగా. పొద్దున్నే వెళ్దాం, పులిహోర చేసి పెడతాను. నా చిన్న టార్చిలైటు మీ అమ్మ చేత పంపుతున్నాను. దాన్ని అక్షరానికి ఎదురుగా పట్టుకోకు, పక్క నుంచి, గోడకి ఆనించినట్టు పట్టుకో, గాడిలో నీడ పడుతుంది. దాంతోపాటు పాత గుడ్డలో చుట్టిన కాగితం చుట్ట ఒకటి ఉంటుంది. అది ఆ కడప జిల్లా ఊరి రాయి అచ్చు. మడత పెట్టకు. ఐదో వరసలో ఖ పక్కన చూడు.

నీ పెద్దమ్మ
పశ్చిమ మాంబళం, చెన్నై