చవక కత్తుల పెట్టె మీద ఏం చదవాలి?

ప్రశ్న: ఆన్‌లైన్‌లో 599 రూపాయలకు ఆరు కత్తుల సెట్టు కొన్నాను. బ్లేడు మీద అలల్లాంటి గీతలు, పెట్టె మీద ‘జర్మన్ స్టీల్’ అన్న అక్షరాలు చూసి మంచివే అనుకున్నాను. నెల తిరక్కుండానే పెద్ద కత్తి టమాటా తొక్క మీద జారిపోవడం మొదలుపెట్టింది. చైనా సరుకు ఎందుకు కొన్నావని ఇంట్లో అందరూ అంటున్నారు. బయటి దేశాల చవక కత్తులన్నీ ఇంతేనా? మంచి కత్తికి ఎంత పెట్టాలి? – ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: కత్తి చైనాలో తయారు కావడం దానికదే లోపం కాదు. గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలోని యాంగ్‌జియాంగ్ కత్తులకూ కత్తెరలకూ పేరుపడిన ఊరు. వంద రూపాయల కత్తీ అక్కడ తయారవుతుంది, దానికి ఎన్నో రెట్లు ధర పలికే కత్తీ అక్కడే తయారవుతుంది. అందువల్ల దేశం పేరు చూసి కత్తిని తూచలేము. చూడవలసింది రెండు: అది ఏ ఉక్కు, ఆ ఉక్కును ఎంత శ్రద్ధగా కాల్చి చల్లార్చారు.

చవక సెట్లలో తరచుగా కనిపించే ఉక్కు పేరు 3సీఆర్13. ఆ పేరే దాని జాతకం చెబుతుంది. మొదటి 3 అంటే కార్బన్ సుమారు 0.3 శాతం, చివరి 13 అంటే క్రోమియం సుమారు 13 శాతం. తుప్పును ఆపేది క్రోమియం, గట్టిదనాన్ని ఇచ్చేది కార్బన్. ఇక్కడ క్రోమియం దండిగా ఉంది, కార్బన్ తక్కువగా ఉంది; కాబట్టి ఈ కత్తి సింకులో నానినా అంత తేలిగ్గా చిలుము పట్టదు, కింద పడినా విరగదు, కానీ దాని వాదర మెత్తన. కూరలు తరిగే పలక మీద పదేపదే తగిలేసరికి ఆ సన్నని అంచు ఒక పక్కకు ఒరిగిపోతుంది. మీ కత్తి టమాటా మీద జారుతున్నది అందుకే కావచ్చు.

దీని పై మెట్టు 5సీఆర్15ఎంఓవీ. ఇందులో కార్బన్ సుమారు 0.5 శాతం, క్రోమియం సుమారు 15 శాతం, వాటితోపాటు కొద్దిగా మాలిబ్డినం, వెనేడియం ఉంటాయి. జర్మనీలో పేరున్న వంటింటి కత్తులకు వాడే ఎక్స్50సీఆర్ఎంఓవీ15 అనే ఉక్కు కూర్పు కూడా దాదాపు ఇదే. కూర్పు ఒకటైనా ధరలో అంత తేడా ఎందుకంటే, ఎంత వేడికి కాల్చారు, ఎలా చల్లార్చారు, పెళుసుదనం పోవడానికి మళ్ళీ ఎంతసేపు సన్నని వేడిలో ఉంచారు అన్న పని దగ్గర చాలా వరకు తేలిపోతుంది. మన కమ్మరి కొలిమి దగ్గర కొడవలి రంగు చూసి చేసే పనే ఇది. గట్టిదనాన్ని రాక్‌వెల్ కొలతలో చెబుతారు. చవక కత్తులు సాధారణంగా 52, 54 దగ్గర ఆగిపోతాయి, మంచి జర్మన్ కత్తులు 56 నుంచి 58 వరకు ఉంటాయి.

పెట్టె మీద ‘జర్మన్ స్టీల్’ అని ఉంటే కత్తి జర్మనీలో తయారైందని అర్థం కాదు. మహా అయితే ఉక్కు కూర్పు ఆ రకానిదని చెప్పుకుంటున్నారు, అంతే. జర్మనీలో కత్తులకు పెట్టింది పేరైన జోలింగెన్ పట్టణం పేరును మాత్రం అక్కడి చట్టం 1938 నుంచీ కాపాడుతోంది. ఆ ప్రాంతంలో ముఖ్యమైన తయారీ పనులన్నీ జరగని కత్తి మీద ఆ పేరు వేయరాదు. మన దేశంలో 2011 నాటి ప్యాకేజీ సరుకుల నియమాల ప్రకారం దిగుమతి సరుకు మీద దిగుమతిదారు పేరు, చిరునామా, తయారైన దేశం ముద్రించాలి. పెద్ద అక్షరాల ‘జర్మన్’ను వదిలిపెట్టి, పెట్టె అడుగున సన్న అక్షరాల్లో ఉన్న ఈ వివరాలను చదవండి. ఉక్కు రకం ఎక్కడా రాయని కత్తిని నేను కొనను.

ఇక అలల గీతలు. కొన్నేళ్ళ క్రితం నేనూ అలాంటి కత్తి ఒకటి కొని, పీచుతో తోమగా తోమగా గీతలు వెలిసిపోయి, కింద నున్నటి రేకు బయటపడితే చాలా బాధపడ్డాను. అవి లేజరుతో పైపైన గీసినవి. నిజంగా పొరలు కలిపి చేసిన కత్తిలో గీత వాదర వైపు సాన పట్టిన చోట కూడా ఎంతో కొంత కొనసాగుతుంది, వెన్ను మీద కూడా పొరలు కనిపిస్తాయి. డమాస్కస్ అని ప్రపంచం పిలిచిన పాతకాలపు కత్తుల్లో ఆ అలలు ఉక్కు లోపలి నుంచే వచ్చేవి. మట్టి మూసలో కరిగించి చేసే అలాంటి ఉక్కును నేటి నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో తయారు చేసేవారు, దాని కోసం పారశీక వర్తకులు అంత దూరం వచ్చేవారు. ఆ ఉక్కును పిలిచే ‘వూట్జ్’ అన్న ఇంగ్లీషు మాటకు మూలం మన ‘ఉక్కు’ మాటేనని అంటారు. డమాస్కస్ పేరుతో ఇంత పలుచని అబద్ధం అమ్ముడుపోవడం నాకు కష్టంగా ఉంటుంది.

ధర మాటకొస్తే, 599ని ఆరుతో భాగించి చూడండి. ఒక్కో కత్తికి వంద రూపాయలు. అందులో పెట్టె, రవాణా, అమ్మేవారి లాభం పోగా ఉక్కుకూ పనికీ మిగిలేది బహు స్వల్పం. ఆరు కత్తులు మనకు అక్కర కూడా లేదు. ఎనిమిది అంగుళాల పెద్ద కత్తి ఒకటి, జానెడు కూడా లేని చిన్నది ఒకటి చాలు. ఆ రెంటి మీదా ఆ డబ్బుకు మరికొంత కలిపి పెడితే, ఉక్కు పేరు రాసిన, పిడి గట్టిగా బిగించిన కత్తులు దొరుకుతాయి. అంతకు మించి పోనక్కర లేదన్నది నా అభిప్రాయం. వీజీ10 వంటి జపాన్ ఉక్కులో కార్బన్ సుమారు ఒక శాతం, గట్టిదనం 60 దగ్గర. కొత్తిమీరకూ ఉల్లిపాయకూ హాయిగా ఉంటుంది కానీ, ఆవకాయకు టెంకతో సహా కాయ కొట్టబోతే వాదర పెచ్చులు లేస్తుంది. టెంక పనికి బరువైన మామిడికాయల కత్తే ఉండాలి.

ప్రశ్న: మంచి స్టెయిన్‌లెస్ స్టీలుకు అయస్కాంతం అంటుకోదంటారు. నా కొత్త కత్తికి గట్టిగా అంటుకుంది. నకిలీయా? – ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: కాదు. ఆ పరీక్ష గిన్నెలకు, అదీ కొంత వరకే పనికొస్తుంది. గిన్నెలకు వాడే 304 రకం ఉక్కులో నికెల్ ఉంటుంది, దానికి అయస్కాంతం దాదాపు అంటుకోదు. కానీ దాన్ని ఎంత కాల్చి చల్లార్చినా గట్టిపడదు. కాల్చితే గట్టిపడే కత్తి ఉక్కుకు అయస్కాంతం అంటుకుంటుంది. లోహపు వంటకత్తికి అంటుకోకపోతేనే అనుమానించాలి.

ప్రశ్న: వీధిలోకి వచ్చే సాన పట్టే అతని చేత పట్టిస్తే పదును వారం కూడా నిలవడం లేదు. లోపం కత్తిదా, పనిదా? – ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: రెండూ కావచ్చు, కానీ ముందు వాదరను వెలుతురులో చూడండి. అంచు వెంట నీలి రంగు చార కనిపిస్తే, తిరిగే చక్రం మీద నీళ్ళు లేకుండా నొక్కి పట్టడం వల్ల ఉక్కు మితిమీరి వేడెక్కిందని గుర్తు. ఆ వేడికి వాదర మెత్తబడిపోతుంది; ఆ మెత్తని అంచు అరిగిపోయేదాకా పదును నిలవదు. మధ్య మధ్య నీటిలో ముంచి, తేలికగా తాకించమని అతన్ని అడగండి. చాలామంది అడిగితే చేస్తారు.

ఇంట్లో అయితే వెయ్యి గ్రిట్ (రాయి గరుకును చెప్పే అంకె) సానరాయిని తడిపి, కత్తిని రాయి నుంచి పదిహేను ఇరవై డిగ్రీలు మాత్రమే ఎత్తి, రెండు పక్కలా సమంగా రుద్దండి. ఒక పక్క రుద్దుతుండగా రెండో పక్క అంచున వేలిని వాదర వెంట కాక, అడ్డంగా బయటి వైపుకు తాకిస్తే సన్నని గరుకు తగులుతుంది. అది తగిలాకే పక్క మార్చాలి. మెత్తని చవక కత్తికి ఈ పని త్వరగా అయిపోతుంది, అది దాని మంచి గుణం. రోజువారీ సర్దుబాటుకు మాత్రం పింగాణీ కప్పును బోర్లించి, దాని అడుగున నునుపు పూత లేని గరుకు వలయం మీద ఒక్కో పక్క నాలుగేసి సార్లు నెమ్మదిగా లాగితే ఒరిగిన వాదర మళ్ళీ నిలబడుతుంది.