కాన్పు రోజు ఇంజెక్షన్‌తో దిగులు రాకుండా ఉంటుందా?

ప్రశ్న: నాకు ఏడో నెల. మొదటి కాన్పు తర్వాత పాప పక్కనే ఏడుస్తున్నా ఎత్తుకోవాలనిపించేది కాదు. ఫ్యాన్ వంక చూస్తూ పడుకునేదాన్ని. డిప్రెషన్ అన్నారు. ఆరు నెలలు మందులు వాడాక తేరుకున్నాను. డెలివరీ రోజే ఒక ఇంజెక్షన్ ఇస్తే మళ్లీ రాదట, మా ఆడపడుచు చెప్పింది. నేనూ అడిగి వేయించుకోవచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: మీ ఆడపడుచు విన్నది గాలివార్త కాదమ్మా. ఆ మందు ఎస్‌కెటమిన్. మా మత్తు డాక్టర్లకు పాత చుట్టమైన కెటమిన్‌లో ఒక రూపమే ఇది. చైనాలో ఐదు ఆసుపత్రుల్లో పరీక్షించి 2024లో ఫలితాలు ప్రచురించారు. బిడ్డ బయటికొచ్చి బొడ్డుతాడుకు క్లిప్ పెట్టాక, తల్లి బరువులో కిలోకు 0.2 మిల్లీగ్రాముల చొప్పున 40 నిమిషాల పాటు నరంలోకి ఎక్కించారు. 60 కిలోల మనిషికి 12 మిల్లీగ్రాములు. మత్తుకిచ్చే మోతాదు ముందు ఇది చాలా తక్కువ. 42 రోజులకు చూస్తే మందు తీసుకున్న 180 మందిలో 12 మందికి డిప్రెషన్ వచ్చింది. ఉత్త సెలైన్ ఎక్కించిన 181 మందిలో 46 మందికి వచ్చింది.

తేడా పెద్దదే. కానీ మీ దగ్గరికి వచ్చేసరికి ఒక మెలిక ఉంది. వాళ్లు చేర్చుకున్నది గర్భంతో ఉండగా దిగులు లక్షణాలున్నా, అంతకుముందు డిప్రెషన్ జబ్బు లేనివాళ్లను. మీకు ఒకసారి వచ్చి తగ్గింది. ఆ లెక్క మీకు అలాగే వర్తిస్తుందని నేను చెప్పలేను. పైగా ఇది కాన్పు గదుల్లో అందరికీ ఇచ్చే మందు కాలేదింకా.

ఇంకోటి. మందు తీసుకున్నవాళ్లలో సగానికి కాస్త తక్కువ మందికి కళ్లు తిరగడం లాంటివి వచ్చి, ఒక రోజులోపే తగ్గాయి. వేరే ఆపరేషన్‌లో నేను కెటమిన్ ఇచ్చిన ఒకామె, "మేడమ్, పైకి తేలిపోతున్నా, కాళ్లు పట్టుకోండి" అంటూ మంచం అంచు వదల్లేదు. మోతాదు వేరనుకోండి. అయినా బిడ్డను మొదటిసారి చూసే గంటలో తల తిరుగుతుంటే అందరికీ నచ్చదు.

అసలు మీరు కాన్పు రోజు దాకా ఎందుకు ఆగాలి? పోయినసారి చీటీ ఉంటే వెతికి, ఈ వారంలోనే సైకియాట్రిస్టును కలవండి. ఏ మందు మీకు పనిచేసిందో అందులో ఉంటుంది. డిప్రెషన్‌కు వాడే సెర్ట్రలిన్ లాంటి మందులు తల్లిపాలలోకి చాలా తక్కువగా వెళ్తాయి కాబట్టి, అవసరమైతే డాక్టరే ముందుగా మొదలుపెట్టవచ్చు. ఇంట్లో మిగిలిన మాత్రలు మాత్రం మీ అంతట మీరు వేసుకోకండి.

కాన్పయిన మూడో నాలుగో రోజు ఊరికే ఏడుపు రావడం మామూలే. రెండు వారాలు దాటినా పోకపోయినా, పాప పడుకున్నాక కూడా మీకు నిద్ర పట్టకపోయినా ఆలస్యం చేయొద్దు. చచ్చిపోవాలనో, బిడ్డను ఏదైనా చేయాలనో అనిపిస్తే ఆ గంటలోనే ఆసుపత్రికి వెళ్లాలి. డాక్టరుకు ఫోన్ చేసే పని ఇప్పుడే మీ ఆడపడుచుకు అప్పగించండి. ఫ్యాన్ వంక చూస్తూ పడుకున్న రోజుల్లో ఆ ఓపిక మీకు ఉండి ఉండదు.