గట్టి కలపా, చేవా?

సందేహం: లిగ్నం వైటే అనే విదేశీ కలప గురించిన వ్యాసాన్ని అనువదిస్తున్నాను. ‘హార్డ్‌వుడ్’ అన్నచోట ‘గట్టి కలప’ అని రాస్తే, ‘కఠిన దారువు’ అనాలని మిత్రుడు పట్టుబడుతున్నారు. ‘చేవ’ అంటే సరిపోదా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

సమాధానం: ‘హార్డ్‌వుడ్’ వృక్షశాస్త్రం చేసిన విభజన. పూలు పూసి, వెడల్పాటి ఆకులుండే చెట్ల కలపకు ఆ పేరు. బొమ్మ విమానాలకు వాడే బాల్సా దూదిలా తేలిక, అయినా ఆ లెక్కన అదీ హార్డ్‌వుడ్డే. దాన్ని ‘గట్టి కలప’ అంటే పాఠకుడు తికమకపడతాడు. కాబట్టి వర్గాన్ని చెప్పేటప్పుడు మీ మిత్రుడి మాటే వాడి, పక్కన ఒక వాక్యంలో వివరించండి.

గుణాన్ని చెప్పేటప్పుడు మాత్రం ‘చేవ’ను వదులుకోకండి. ముషీరాబాద్ టింబరు డిపోలో టేకు దుంగ కోయించేటప్పుడు గమనించండి. అంచున పాలిపోయి ఉన్నది తెల్ల, పురుగు పట్టేది అదే. లోపల రంగు తేలి బిగిసినది చేవ. ‘చేగ’ అనే రూపమూ నిఘంటువుల్లో ఉంది. ‘చేవదేరిన మాను’, ‘చేవ చచ్చినవాడు’ అనే మాటలు ఈ చెక్కలోంచి పుట్టినవే. తాడిచెట్టు సంగతి వేరు. దాని చేవ వెలుపల ఉంటుంది, లోపలిదంతా మెత్తన. అయినా దాన్నీ చేవే అంటాం. అంటే మనవాళ్లు చోటును బట్టి కాక బిగువును బట్టి పేరు పెట్టారు. ‘అంతర్దారువు’ అనే పాఠ్యపుస్తకాల మాటలో ఈ సూక్ష్మం లేదు. నాకు ఈ పదం మీద ఇంత మమకారం అందుకే.

లిగ్నం వైటే విషయానికొస్తే, అది కరీబియన్ దీవుల పరిసరాల్లో పెరిగే నిదానపు చెట్టు. టేకు ఘనమీటరుకు సుమారు 650 కిలోలు తూగితే ఇది 1,200 కిలోల పైచిలుకు. నీట వేస్తే మునుగుతుంది. ఆకుపచ్చ ఛాయ తిరిగిన దాని చేవ నిండా నూనె వంటి జిగురు ఉంటుంది. 19వ శతాబ్దం నడుమ నుంచి ఓడల ప్రొపెల్లరు ఇరుసుకు దాన్నే బేరింగుగా అమర్చారు. సముద్రపు నీరే కందెన అయ్యేది. 18వ శతాబ్దంలో జాన్ హారిసన్ నూనె అక్కర్లేని గడియారాలు చేసిందీ ఈ కలపను వాడే. ఇక్కడ ‘గట్టి’ అంటే సగమే చెప్పినట్టు. గట్టిదనంతోపాటు లోపలి సారాన్నీ చెప్పే మాట ‘చేవ’ ఒక్కటే.

పేరును మాత్రం అనువదించకండి. లాటిన్‌లో దాని అర్థం ‘ప్రాణదారువు’. ఒకప్పుడు యూరప్‌లో సిఫిలిస్‌కు దాన్ని మందుగా వాడినందువల్ల వచ్చిన పేరది. తెలుగులో అలా రాస్తే ఏదో ఆయుర్వేద మూలిక అనుకుంటారు.

మీ వాక్యం ఇలా ఉండవచ్చు: ‘లిగ్నం వైటే చేవ నీట మునిగేంత బరువు, తనలోని జిగురుతోనే ఇరుసు అరగకుండా కాస్తుంది.’